కిటికీ లేని ఫిల్ము

ఒమాన్‌లోని జబల్ అఖ్దర్ కొండ మీద ఒక ఇంట్లో నిన్న గ్యాస్ హీటర్ వెలిగించారు. వేసవంతా మూలన పడి ఉందేమో, ముందు దుమ్ము కాలిన వాసన వచ్చింది, ఆ వెనకే ముఖానికి సెగ తగిలింది. గదిలో గాలిని కొలిచే యంత్రాన్ని మా ఆఫీసు వాళ్ళు ఇంకా సంచిలోంచి తీయనేలేదు, నా చెయ్యి కిటికీ గడియ మీదికి పోయింది. ఆ చేతికి ఆ అలవాటు రత్నకుమారి ఆంటీ వల్ల వచ్చింది.

మస్కట్‌లో హీటర్లేమిటని మీరు నవ్వవచ్చు. కొండ మీద శీతకాలం వేరు. అక్కడి ఇళ్ళలో వాడే హీటర్లను పరీక్షించడానికి గ్యాస్ అమ్మే కంపెనీలన్నీ కలిసి ఒక నిధి పెట్టాయి. మస్కట్‌లోని ఖురం పేటలో మాకొక చిన్న ఆఫీసు. ఆ నిధికి చట్టం గీత గీసింది. పరిశోధనకు, భద్రతకు, పనివాళ్ళ శిక్షణకు ఖర్చు పెట్టవచ్చు. అమ్మకాలు పెంచే ప్రకటనలకు పెట్టకూడదు. ఆ గీత దాటకుండా ప్రతి కాగితమూ చూసి సంతకం చేయడం ఆంటీ పని. నరసాపురం మనిషి. ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి చర్చి ఆరాధన ఆ రోజే; అక్కడ నన్ను చూసి, తన కింద గుమాస్తాగా పెట్టించిందీ ఆమే. ఆ మేలుకు దేవునికి ఈనాటికీ స్తోత్రం చెప్పుకుంటాను.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు కాలు సరిగా లేక, నాన్నే ఇంట్లో బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పాడు. మొదట చదివిన పుస్తకం అది కావడంతో, అచ్చులో కనబడిందల్లా నిజమేననుకునేదాన్ని. ఆంటీ తీరు వేరు. టీ బిల్లు వచ్చినా కళ్ళద్దాలు సర్దుకునేది.

"సమోసాల మీద ఏం పరిశోధన చేశారే, సువార్తా?"

"మీటింగుకి ఆంటీ."

"మీటింగులో తిన్నారా, తినడానికి మీటింగు పెట్టారా?"

ఇంత అనుమానం మంచిది కాదేమో అనుకునేదాన్ని. ఒకరోజు మేనేజరు యాదగిరి సార్ నన్ను పిలిచి, "రత్నక్క కరెంటు హీటర్ల దుకాణంకాడ కనబడ్డది చెల్లె. మన గ్యాసోళ్ళ ఆఫీసులో ఉండి ఆడేం పని? జర చూస్తుండు" అన్నాడు. నేను చూడడం మొదలుపెట్టాను. ఆమె సంచి ఉబ్బుగా ఉంటే చూశాను, ఫోను పట్టుకుని బయటికి వెళితే చూశాను. అవతలి వాళ్ళ మనిషి కాబట్టే మన ఖర్చులకు అడ్డం పడుతోందని లోలోపల తీర్మానించుకున్నాను.

అప్పుడే హీటర్ల మీద తీయించిన ఒక చిన్న ఫిల్ము, దాని బిల్లు వచ్చాయి. ఫిల్ము అట్ట మీద 'భద్రతా అవగాహన' అని అందంగా అచ్చు వేసి ఉంది. సార్ రాయమన్నాడు, నేను ఖర్చు చీటీ మీద అదే రాశాను. ఫిల్ము చూడలేదు. ఆంటీ మాత్రం చూస్తేగాని సంతకం పెట్టనంది. సార్ గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఫిల్ములో బయట మంచు, లోపల హీటరు, దుప్పటి కప్పుకుని నిద్రపోతున్న పాప, కొత్త సిలిండరు మోసుకొస్తూ నవ్వుతున్న తండ్రి. నా కళ్ళు చెమర్చాయి కూడా.

"కిటికీ ఏది?" అంది ఆంటీ.

"ఏం కిటికీ అక్కా?"

"గదిలో గ్యాసు మండుతుంటే విషవాయువు చేరుతుందని, కిటికీ కాస్త తెరిచి ఉంచాలని మన పరీక్షలే చెప్పాయి కదా బాబూ. ఇందులో తలుపు బిగించి, తెర కూడా లాగేశారు. ఇది చూసినవాళ్ళు సిలిండరు కొంటారు. కొని తలుపులు మూసుకుని పడుకుంటారు. ఇది అవగాహన కాదు, ప్రకటన."

సార్ బల్ల మీది ఫైలును మెల్లగా వేలితో తట్టాడు. "మీ కాంట్రాక్టు కాయితం గూడ ఈడనే ఉన్నది అక్కా. నేనింకా సంతకం పెట్టలే."

ఆంటీకి ఆ ఉద్యోగమే ఆధారం. ఊళ్ళో మంచాన ఉన్న చెల్లెలి మందులు దీని మీదే నడుస్తున్నాయి. సార్‌కూ తెలుసు, నాకూ తెలుసు.

"తెలుసు బాబూ. దాన్ని కూడా చూసే మాట్లాడుతున్నాను," అని చీటీ నా ముందుకు జరిపింది. "సువార్తా, నువ్వు రాసింది నువ్వే దిద్దు."

'భద్రతా అవగాహన' కొట్టేసి 'ప్రకటన' అని రాశాను. ఆ ఫిల్ముకు నిధి నుంచి ఏమీ వెళ్ళలేదు. ఆ మిగిలిన డబ్బుతో ఆ శీతకాలం మా పరీక్షల బండి కొండ మీదికి వెళ్ళింది. ఆంటీ కాంట్రాక్టు మీద మాత్రం సంతకం పడలేదు.

ఆమె సామాను సర్దుకునే రోజు ఇక ఉండబట్టలేక అడిగాను, ఆ దుకాణంలో ఏం పని అని.

"ఇస్త్రీపెట్టె బాగుచేయించుకుందామని వెళ్ళానే. నాలుగుసార్లు తిప్పాడు వెధవ. ఏం?"

అనుమానించానని చెప్పేశాను. కోప్పడుతుందనుకుంటే నవ్వింది. "ఇన్నాళ్ళు తిండి పెట్టిన మనిషిని అనుమానించావు సరే. ముక్కూ మొహం తెలియని ఆ కాగితాన్ని ఎందుకు అనుమానించలేదే?"

ఆ తర్వాతి శుక్రవారం, ఆరాధనలో ఆమె చివరిసారి కూర్చున్నప్పుడు, చీర మడతలు చక్కగా ఇస్త్రీ చేసి ఉన్నాయా అని చూశాను. సిగ్గుపడుతూనే చూశాను.

ఇప్పుడు ఆఫీసులో ఆంటీ కుర్చీలో నేనున్నాను. ప్రార్థనకు కళ్ళు మూసుకుంటాను, కాగితానికి మూసుకోను. నిన్న కొండ మీద ఆ ఇంటావిడ చలికి శాలువా బిగించుకుని, నిప్పు పెట్టుకుని కిటికీ తెరుస్తావేమిటని నన్ను అనుమానంగా చూసింది. ఆ చూపుకు నాకు సంతోషమే కలిగింది. మంచిదమ్మా, నన్ను అడుగు, ఆ హీటరునూ అడుగు అనుకున్నాను. గడియ తీసి, రెండు వేళ్ళ సందు వదిలి, ఎందుకో ఆమెకు చెప్పడం మొదలుపెట్టాను.