ముక్కుసారుకు నేను చెప్పని మాట

మూడు వారాల క్రితం పొద్దున్నే పలమనేరు నుంచి ఫోను వచ్చింది. "అన్నా, మీ స్నేహితుడు పోయినారన్నా" అంది ఆయన భార్య. నిద్రలోనే పోయాడట. నేను వెంటనే బస్సెక్కాను. ముప్పై ఏళ్లు "ఒరే" అని పిలిచినవాణ్ణి ఇప్పుడు "ఆయన" అని రాయాల్సి వస్తోంది.

ఆయన తిరుపతిలో ఒక పాల కంపెనీలో పరీక్షకుడు. పల్లెల నుంచి వచ్చే పాలక్యాన్ల మూతలు తీసి, ఆ మూతల వాసన చూసి, మంచివి లోపలికి పంపేవాడు. పులిసిన క్యాను మీద నీలం సుద్దతో అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి పక్కన పెట్టేవాడు. రైతులు ఆయన్ని ముక్కుసారు అనేవాళ్లు. తలకు వాసన నూనె రాయడు, వక్కపొడి వేసుకోడు. క్యాన్ల పని అయ్యేదాకా కాఫీ కూడా ముట్టడు. నేను బలవంతం చేస్తే "ముక్కు డ్యూటీలో ఉండాదప్పా" అనేవాడు. చంద్రగిరిలో బడిపంతులుగా ఉన్న నాకు ఆ మాటంటే తెగ నవ్వొచ్చేది. సెలవుపెట్టమను దాన్ని, అనేవాణ్ణి.

పన్నెండేళ్లు ఆయన తిరుపతిలో ఒంటిగదిలో వండుకు తిన్నాడు. భార్య, ఆవులు, పొలం అన్నీ పలమనేరులో. ఆదివారం వెళ్లి సోమవారం తెల్లవారుజామున వచ్చేవాడు. ఆయన కోరిక ఒక్కటే, కంపెనీవాళ్ల పలమనేరు పాలకేంద్రానికి మేనేజరుగా పోవడం. ఆరేళ్ల క్రితం ఆ కోరిక తీరేట్టు కనిపించింది. కంపెనీ వాళ్లు అలిపిరి దారిలో ఒక హోటల్లో విందు పెట్టారు. ఆ సాయంత్రం కొత్త మేనేజరు పేరు చదువుతారనీ, అది ముక్కుసారు పేరేననీ అందరికీ తెలుసు. "నువ్వు పక్కనుంటే ధైర్యంగా ఉంటాదిరా" అని నన్నూ తీసుకెళ్లాడు.

అంత ఏసీ హాల్లో కూడా ఆయన చొక్కా వీపంతా తడిసింది. పాలు పోసే రైతులు పిల్లాజెల్లాతో వచ్చారు. అసలు విశేషం కంపెనీ కొత్తగా మొదలుపెట్టిన బాసుంది. పొద్దున పలమనేరులో కాచి, ఎండలో వ్యానులో తెచ్చారట. ముందు మా బల్లలకు గిన్నెలు వచ్చాయి. రైతుల పిల్లలు పెద్ద పాత్ర దగ్గర వరసకట్టారు.

ఆయన గిన్నె ఎత్తి, ముక్కు దగ్గర ఆపి, మెల్లగా కింద పెట్టాడు. ఆ చూపు నాకు తెలుసు.

"ఏమైందిరా?"

"పులిసింది."

నేనొక చెంచా తిన్నాను. తీపి, యాలకులు, అంతే. "నాకేం తెలీలేదే!"

"నీకు తెలీదులే. తీపి అడుగున ఉండాది పులుపు."

నేను బల్లకింద ఆయన మణికట్టు పట్టుకున్నాను. "గమ్మునుండు. ఇంగ పది నిమిషాల్లో నీ పేరు పిలుస్తారు. నోటికాడి కూడు కాలదన్నుకుంటావా? పలమనేరప్పా, పలమనేరు!"

ఆయన వరసలోని పిల్లల వైపు చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా గిన్నె మొత్తం ఆయన కళ్లముందే గబగబా ఊడ్చేశాను. "సూడు, తినేసినా. నాకేమైంది? నీ ముక్కు చెడిందిరా!"

ఆయన నా చెయ్యి విడిపించుకుని లేచాడు. నేరుగా పాత్ర దగ్గరికి వెళ్లి మూత వేశాడు. జేబులోంచి నీలం సుద్ద తీసి, వెండిలా మెరుస్తున్న ఆ మూత మీద గీత గీశాడు, దాన్ని కొడుతూ ఇంకోటి. వడ్డించేవాడు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

యజమాని వేదిక దిగి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. ఒక చెంచా రుచి చూసి, "బాగానే ఉండాదే! మన సరుకు మీద మనమే మన్ను పోసుకుంటామా? గట్టిగా చెప్పగలవా, చెడిందని?" అన్నాడు.

"క్యాను ఎవురిదని సూసి నేను మూత తీయను సార్. నా ముక్కుకు తెలిసింది సెప్తాండా. తప్పయితే నాదే."

పాత్రను తీసుకెళ్లి పారబోశారు. పది నిమిషాల తర్వాత మేనేజరు పేరు చదివారు. అది ఇంకొకరి పేరు. ముక్కుసారు అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. దారి పొడుగునా నేను ఆయనతో మాట్లాడలేదు.

తెల్లారేసరికి నా పేగులు తెగిపోతాయేమో అనిపించింది. వాంతులతో మంచం పట్టాను. ఏడింటికి ఆయన ఫోను.

"కడుపెట్లుండాదిరా?"

"గుండ్రాయి మాదిరి ఉండాది, ఏమీ కాలే" అన్నాను.

ఎందుకన్నానో తెలుసా? కోపం. చేజేతులా పోగొట్టుకున్నాడన్న కోపం. ఆయనే గెలిచాడని ఒప్పుకోవడానికి నా పంతులు నోరు పెగల్లేదు. ఆయన "పోనీలే, మంచిదే" అన్నాడు.

మా బల్లల మీది మిగతా గిన్నెలు ఎవరూ ముట్టకుండానే వెనక్కి తీసుకుపోయారు. మొత్తం తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన చెప్పింది నిజమని తెలిసినవాణ్ణీ నేనొక్కణ్ణే. కంపెనీలో అందరూ ముక్కుసారు ముక్కు పోయిందన్నారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఆరేళ్లు గడిపాను. ఆలస్యమయ్యేకొద్దీ సిగ్గు పెరిగిపోయింది. ఆయన మాత్రం క్యాను మూత తీసి తాను వాసన చూశాక పక్కవాడికి చాపడం మొదలుపెట్టాడు. "నువ్వూ ఒగసారి సూడప్పా" అని. అది కళ్లారా చూసి కూడా నేను నోరు విప్పలేదు. ఆ మూత పట్టుకున్న చెయ్యి గుర్తొస్తే నాకు ఈరోజుకీ కన్నీళ్లొస్తాయి.

ఆ పోస్టు ఆయనకు మళ్లీ రాలేదు. రిటైరై పలమనేరులో రెండేళ్లయినా ఉన్నాడు.

పెద్దకర్మ రోజు వంటింటి గడప దగ్గర నిలబడి ఆయన భార్యకు అంతా చెప్పేశాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఈడికి వచ్చినాక కూడా పాలు పొయ్యి మీద పెట్టేముందు దినామూ నన్ను సూడమనేవాడన్నా" అంది. "నేను మూత తీసి ఇస్తే, వాసన సూసి మళ్లా నాకే ఇచ్చేవాడు. నా ముక్కును నమ్మలేనుమే, నువ్వు సూడు, అని. ఈ మాట ఆయనకు ఒగసారి సెప్పుంటే సాలు గదన్నా."

వచ్చినవాళ్లకు కాఫీ పెట్టాలని ఆమె గూట్లోంచి పాలగిన్నె దించింది. మూత తీసి, చూడకుండానే, ఎడమపక్కకు చాపింది. అక్కడ ఎవరూ లేరు. మూత అంచు నుంచి ఒక పాలచుక్క జారి నేల మీద పడింది. ఆమె చెయ్యి ఇంకా చాపే ఉంది.