ఎర్రగుడ్డ కట్టిన సొరకాయ

వీధిలో అందరూ ఆయన్ని గింజలాయన అనేవారు. కాలేజీ తోటలో మాలిగా చేసినన్నాళ్లూ ఆయనకు ఒకటే పిచ్చి. కూరగాయల బండి ఆగితే చాలు, పాఠం మొదలుపెట్టేవాడు.

"పువ్వులోంచి పుట్టి, కడుపులో గింజ దాచుకున్నదల్లా పండేనయ్యా! వంకాయా పండే, బెండకాయా పండే. క్యారెట్ వేరు, పాలకూర ఆకు. కూరగాయ అన్నది మన పొయ్యి పెట్టిన పేరు, మొక్కకేం తెలుసు?"

"అయితే వంకాయలకి పండ్ల రేటిచ్చి వెళ్లండి" అని బండివాడు నవ్వేవాడు. పక్కన సంచీ పట్టుకు నిలబడ్డ భార్యకు తల కొట్టేసినట్టుండేది.

అంత సిగ్గుపడ్డ మనిషే ఇప్పుడు ఆ పాఠం ఒక్కసారి వింటే చాలునని కాచుక్కూర్చుంది. కొన్నాళ్లుగా ఆయనకు మతిమరుపు ముదురుతోంది. ఒకరోజు చొక్కా తిరగేసి తొడుక్కుంటాడు. ఇంకోరోజు ఆమెనే పట్టుకుని "ఎవరమ్మా మీరు?" అంటాడు. పెరట్లోకి వెళ్తే మాత్రం ఆయన చేతులు ఏ పనీ మరిచిపోవు.

పెరట్లో సొరతీగ ఉంది. పెళ్లికి ముందునుంచీ ఏటా గింజ తీసి నాటుకుంటూ ఆయన కాపాడుకొచ్చిన రకం. కిందటి వానలకు గింజల డబ్బాలోకి నీళ్లు దిగి, ఒక్క గింజ తప్ప అన్నీ కుళ్లిపోయాయి. ఆ ఒక్కదాని తీగకు పిందెలన్నీ రాలిపోయి ఒక్క కాయ నిలిచింది. గింజకు వదిలిన కాయ మెడకు ఎర్రగుడ్డ కట్టాలి, దాన్ని ఎవరూ కోయకూడదు, తీగ మీదే ఎండి ఊపితే గలగలమనాలి. ఇదంతా ఆయన నేర్పిన పద్ధతే. అలాగే ఆమె గుడ్డ కట్టింది. ఈ గింజలు పోతే వచ్చే ఏడు ఆ చేతులకు నాటడానికేం ఉంటుంది, తన మనిషిలో ఇంకేం మిగులుతుంది? అదే ఆమె బెంగ.

ఆ ఉదయం ఆమె గిన్నెలు తోముతుంటే ఆయన వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది. చేతుల్లో సొరకాయ ఉంది, దాని మెడకు ఎర్రగుడ్డ అలాగే ఉంది.

"చూడవే, ఎంత లేతగా ఉందో! కూర చెయ్యి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. తిట్టు నోటిదాకా వచ్చింది. కానీ ఆయన చిన్నపిల్లాడిలా మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు.

"మంచి కాయ తెచ్చారండీ" అంది.

ముడి విప్పి, గుడ్డను బొడ్లో దోపుకుంది. ఒక్క గింజైనా గట్టిపడి ఉండకపోతుందా అని కాయ కోసి వేలితో తడిమింది. అన్నీ పాలగింజలే, నొక్కితే చితికిపోతున్నాయి. కళ్లు తుడుచుకుని ముక్కలు పొయ్యి మీదకెక్కించింది.

ఆయన లొట్టలేసుకుంటూ తిన్నాడు. మళ్లీ వడ్డించబోతే ఉన్నట్టుండి చెయ్యి అడ్డం పెట్టాడు. చూపు తేటగా ఉంది.

"ఏమే, మన తీగ మీది కాయని గింజకి వదిలావా? గుడ్డ కట్టావా?"

ఎన్నాళ్లకో తన మనిషి తిరిగొచ్చాడు. వచ్చి, అడగకూడనిదే అడిగాడు.

"కట్టానండీ" అంది ఆమె, బొడ్లోని గుడ్డను తడుముకుంటూ.

"మంచి పని చేశావు. మనకది కూర గానీ మొక్కకి పండే. బిడ్డల్ని అందులోనే కదా దాచుకునేది!"

ఆయన చెయ్యి కడుక్కునేలోపు ఆమె పెరట్లోకి పరుగెత్తి, కాయ తెగిన తొడిమకు ఆ ఎర్రగుడ్డ కట్టేసింది.