పదివేల ఒకటి లొంగదన్నాను

ఆ రోజుల్లో మాకు జాగీరు పోయింది గానీ మెడ మాత్రం వంగలేదు. వికారాబాద్‌లో మిగిలిన రెండు గదుల ఇంట్లోంచి షేర్వాణీ తొడుక్కుని, రోజూ రైల్లో తాండూరు బడికి లెక్కలు చెప్పడానికి వెళ్లేవాణ్ణి. (షేర్వాణీ నాన్నది. భుజాల దగ్గర నాకు వదులు. ఆ సంగతి నడకలో తెలియనిచ్చేవాణ్ణి కాదు.) నౌకరీ తాత్కాలికం. ఇన్‌స్పెక్టర్ వచ్చి పాఠం విని సరేనంటే ఖాయమవుతుంది, లేదంటే పెద్దేముల్‌లో బావగారింట తిండికి చేరాలి. అక్క రమ్మనే అనేది. బావ అనేవాడు కాదు.

ఇన్‌స్పెక్టర్ ముందు చెప్పడానికి ఒక గొప్ప సంఖ్య కావాలనుకున్నాను. పదివేల ఒకటి నచ్చింది. రెండు చివరలా ఒకట్లు కాపలా, నడుమ మూడు సున్నాలు. అది ప్రధాన సంఖ్య అని, ఒకటితో, తనతో తప్ప దేనితో భాగించినా శేషం మిగులుతుందని నా నమ్మకం. రుజువు కావాలంటే వంద లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. రైల్లో మొదలుపెట్టాను. మూడు, ఏడు, పదకొండు... ప్రతిసారీ ఏదో ఒకటి మిగులుతూనే ఉంది. డెబ్బై ఒకటి అయ్యేసరికి తాండూరు వచ్చింది. ఇంతమందికి లొంగనిది మిగిలిన అయిదుగురికి ఏం లొంగుతుందిలే అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఇది ఎవరికీ లొంగని సంఖ్య" అని ఆ రోజు తరగతిలో ఛాతీ విరిచి చెప్పాను, మా వంశం గురించి చెప్తున్నట్టే. పెద్ద సారుతో కలిసి వచ్చి వెనక కూర్చున్న ఇన్‌స్పెక్టర్ తల ఊపి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. అప్పుడే, వరండాలో బండలు పరుస్తున్న ముసలి మేస్త్రీ (ఊరంతా బండల తాత అనేది) సుత్తి ఆపి తలుపులోంచి తొంగిచూశాడు.

"మాఫ్ చెయ్యుండ్రి దొరా. పోయినేడు గంజ్ బజార్ల నేను పరిచిన బండలు గన్నే. వరుసకు నూట ముప్పై ఏడు, గట్ల డెబ్బై మూడు వరుసలు. పదివేలు తెప్పిస్తే ఆఖరుకు ఒక్క బండ తక్కువ పడ్డది. గా ఒక్కదాని కోసం రెండ్రోజులు పరేషాన్ అయిన."

"నిన్నెవరడిగిండ్రు? పనిజూస్కో పో!" అన్నాడు మా పెద్ద సారు.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "పోనీయుండ్రి సారూ, బండల లెక్క వేరు, మన లెక్క వేరు."

తప్పించుకోవడానికి దారి దొరికింది. మా ఇంట్లో అన్న మాట వెనక్కి తీసుకున్నవాళ్లు లేరు. (పోయినవాటిలో కొన్ని అందుకే పోయాయి.) తాత మాత్రం కదల్లేదు. వాదించడానికి కాదు, లెక్క తెలిసినవాణ్ణి కాబట్టి నేను చేసి చూస్తానని ఎదురుచూస్తున్నాడు.

సుద్దముక్క తీసుకుని నూట ముప్పై ఏడును డెబ్బై మూడుతో హెచ్చవేశాను. నాలుగు వందల పదకొండు. దాని కింద తొమ్మిది వేల అయిదు వందల తొంభై. కూడబోతుంటే బావగారి వసారా కళ్లముందు కనిపించింది. అయినా కూడి, గీత కింద పదివేల ఒకటి రాశాను.

"తాత చెప్పిందే నిజం. నేను డెబ్బై ఒకటి కాడ ఆపేసిన" అన్నాను, గోడవైపు చూస్తూ.

"గంతే గద దొరా, నేను గూడ పదివేల కాడనే ఆపిన" అన్నాడు తాత.

నెల తర్వాత ఖాయం చేస్తూ కాగితం వచ్చింది. ఇన్‌స్పెక్టర్ నా గురించి రాసిన వాక్యం అందులో ఉంది: నిజం చెప్పేవాడు, గణిత జ్ఞానం సాధారణం. నౌకరీ దక్కిన సంతోషం ఆ సాయంత్రానికే అయిపోయింది గానీ, 'సాధారణం' అన్న మాట మీద కోపం పదేళ్లున్నది. ఇప్పుడు ఆలోచిస్తే, ఇరవై రెండేళ్ల వయసులోని నా గురించి ఆయన కాస్త దయతోనే రాశాడనిపిస్తుంది.