దేవ్లా తుడిచిన అద్దం

నాకు కోపం ఎక్కువ. పాల్వంచలో ఎవరినడిగినా ఈ మాట చెప్తారు. మా ఆవిడ ఫ్లోరెన్స్ అయితే, నేను చర్చిలో పాట పాడుతున్నా ఎవరినో తిడుతున్నట్టే ఉంటుందంటుంది. అలాంటి నన్ను ఒక చావింట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నోరు మూసుకుని కూర్చోబెట్టినవాడు ఒకడున్నాడు. వాడి పేరు దేవ్లా. వాడి సంగతే చెప్తాను.

నా పేరు షాలేమ్‌రాజు. పాల్వంచలో క్రైస్తవ మిషన్ వాళ్ళ శిక్షణ కేంద్రంలో ఫ్రిజ్, ఏసీ మెకానిక్ కోర్సు చెప్పేవాణ్ణి. మొదట్లో మా దగ్గరున్నదల్లా ఒక చచ్చిన ఫ్రిజ్, నా చేతిలో చాక్‌పీసు. రెండువేల ఆరులో అనుకుంటా, ఫ్రిజ్‌లు, ఏసీలు తయారుచేసే హైదరాబాద్ కంపెనీ ఒకటి మాతో ఒప్పందం చేసుకుంది. కొత్త కంప్రెసర్లు ఇచ్చారు, గ్యాసు కొలిచే మీటర్లు ఇచ్చారు, వాళ్ళ ఇంజనీరు నెలనెలా వచ్చి పాఠం చెప్పేవాడు. అందుకు బదులుగా, ఖమ్మం నుంచి భద్రాచలం దాకా వాళ్ళ మిషన్ ఎక్కడ మొరాయించినా మా పిల్లలు వెళ్ళి చూడాలి. కంపెనీకి సర్వీసు జరుగుతుంది, మావాళ్ళకు పని వస్తుంది. కోర్సు పూర్తయితే ఉద్యోగం కూడా వాళ్ళదే.

అయితే ఒక మెలిక పెట్టారు. ఆఖర్న ప్రతివాడూ ఒక కంప్లయింటు మొదటి నుంచి చివరి దాకా తానొక్కడే చూడాలి. మాస్టారు పక్కనుండొచ్చు గానీ నోరు విప్పకూడదు. విప్పాడా, పిల్లవాడు ఫెయిల్. పనయ్యాక ఆ ఇంటి యజమానే కంపెనీ వాళ్ళతో ఫోన్లో మాట్లాడి, బాగా చేశాడని చెప్పాలి. ఈ నియమం పెట్టినవాడు నన్ను చూసే పెట్టాడని నా అనుమానం.

నా దగ్గర నేర్చుకునే ఈ దేవ్లాది టేకులపల్లి అవతల అడవిలో ఒక తండా. చేతులంటే వాడివే చేతులు. రాగిగొట్టాలు అతికిస్తే అతుకెక్కడో వేలితో తడిమినా దొరికేది కాదు. నోరు మాత్రం లేదు. హాస్టల్లో కూర వడ్డించకుండా ముందుకెళ్ళిపోయినా అడగడు, ఉత్తన్నం తిని లేస్తాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఏందిర, మాటలు గిట్ల కిరాయికి తెచ్చుకుంటున్నవా? పొదుపుగ వాడుతున్నవ్?" అనేవాణ్ణి.

తల వంచుకుని నవ్వేవాడు. అంతకుమించి రాబట్టడం ఆ దేవుడి తరం కూడా కాదు.

మొదటి పరీక్షలో ఆ నోరే వాడి కొంప ముంచింది. కొత్తగూడెంలో ఒక కూల్‌డ్రింకుల షాపు. మిషన్ చక్కగా బాగుచేశాడు. ఏం పోయిందయ్యా, మళ్ళీ పోతదా అని ఓనరు అడిగినకొద్దీ వీడు నేల చూశాడు. ఆయన ఫోన్ తీసి, "మూగోణ్ణి పంపిండ్రు నా షాపుకు" అని అరిచాడు. ఇంజనీరు నాతో ఖరాకండిగా చెప్పేశాడు. కస్టమరుతో మాట్లాడలేనివాడు మాకొద్దు, ఇంకొక్క అవకాశం ఇస్తాం, అదీ పోతే అంతే అన్నాడు. అంతే అంటే ఏమిటో నాకు తెలుసు. వేసవిలో బీడీలకు తునికాకు కోత, మిగతా కాలం దొరికిన కూలి. అంత మంచి చేతులు ఆకులు కోస్తూ అరిగిపోతాయని తలుచుకుంటే నాకు అన్నం సయించలేదు.

ఆ ఇంకొక్క అవకాశం జూన్ నెలలో వచ్చింది, బోనకల్ దగ్గర ఒక పెద్ద రైతు ఇంటి నుంచి. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంటి పెద్దావిడ ఆదెమ్మ గారు పోయి రెండు రోజులైంది. చిన్నకొడుకు అనిల్‌కుమార్ సైన్యంలో, అస్సాం వైపు. అతను వచ్చేదాకా ఉంచాలని ఖమ్మం నుంచి ఫ్రీజర్ బాక్సు తెప్పించారు. శవాన్ని చల్లగా ఉంచే అద్దాల పెట్టె. అది సరిగ్గా చల్లబడటం లేదని ఫోను. ఆ పెట్టె మా కంపెనీదే.

షాపులో నోరు రానివాడికి చావింట్లో ఏం వస్తుంది? కానీ ఆ కంప్లయింటు మార్చడానికి నాకు అధికారం లేదు. ఇద్దరం పొద్దున్నే వెళ్ళి దిగాం.

ఇంటి ముందు షామియానా, కుర్చీల నిండా జనం. రాత్రి కురిసిన వానకు నేలంతా తడి, గాలంతా ఉక్క. పెద్దకొడుకు వెంకటరామారావు గారు ఎర్రబడిన కళ్ళతో ఎదురొచ్చారు.

"తమ్ముడు రైల్లో ఉన్నాడు. మధ్యాహ్నానికి దిగుతాడు. అప్పటిదాకా అమ్మ ముఖం చెదరకుండా ఉండాలి. వాడు కడసారి చూడకపోతే జన్మంతా నన్ను క్షమించడు. ఏం చేస్తారో మీ ఇష్టం," అన్నారు.

దేవ్లా తలూపాడు. తలే ఊపాడు. ఒరే, సరే అనైనా అనరా అని లోపల్లోపల మొత్తుకుంటూ నేను గుమ్మం ఎదుట, పెట్టె కనపడేలా ఒక కుర్చీలో కూలబడ్డాను.

వాడు చెప్పులు విడిచి లోపలికెళ్ళాడు. ముందు ఆ తల్లికి దండం పెట్టుకున్నాడు. తర్వాత కరెంటు చూశాడు, సరిగానే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. గ్యాసు తగ్గలేదు. మూత చుట్టూ రబ్బరు బాగానే ఉంది. వేడిగాలి బయటికొచ్చే జాలీకి పూలదండలు అడ్డం పడి ఉంటే, వాటిని రెండు చేతులా ఎత్తి ఆవిడ కాళ్ళవైపు పెట్టాడు. అక్కడికి పని అయిపోయినట్టు, గోడకానుకుని కూర్చున్నాడు!

నేను నిలువునా మండిపోయాను. ఒక పక్క లోపలి ఉష్ణోగ్రత చూపించే అంకె పైకి ఎగబాకుతోంది, వీడు అలా చూస్తూ కూర్చున్నాడు. లేచి రెండు తగిలిద్దామన్నంత కోపం వచ్చింది. జేబురుమాలు తీసి నోట్లో కుక్కుకున్నాను. చుట్టుపక్కలవాళ్ళు పాపం, దగ్గరివాడేమో, దుఃఖం ఆపుకుంటున్నాడనుకున్నారు. ఒకాయన నా వీపు కూడా నిమిరాడు.

కాసేపటికి నాకూ అర్థమైంది వాడేం చూస్తున్నాడో. ఎవరో ఒక చుట్టం వస్తుంది. "అయ్యో అత్తా" అంటూ పెట్టె మీద పడుతుంది. బయట ఉక్కకు అద్దం మీద తేమ పట్టి లోపల ముఖం కనపడదు. వెంటనే మూత ఎత్తేస్తుంది. చెంపలు తడుముతుంది, గుండెలు బాదుకుంటుంది. ఆమెను లేవదీసి మూత వేసేసరికి లోపలి చలువంతా పోయి, తడిగాలి నిండుతుంది. మిషన్ మళ్ళీ మొదటి నుంచి పని మొదలెట్టాలి. అది కుదుటపడేలోపు ఇంకో బండి దిగుతుంది. రెండు రోజులుగా ఇదే తంతు.

రోగం తెలిసింది. మరి మందు? తల్లి పోయిన ఇంట్లో, వాళ్ళ తల్లిని వాళ్ళను ముట్టుకోవద్దని చెప్పాలి. నేనైతే షామియానా ఎగిరిపోయేలా అరిచేవాణ్ణి, వాళ్ళు నన్ను మెడపట్టి గెంటేవాళ్ళు. మరి ఈ మాటలేనివాడు ఏం చెప్తాడు? ప్రభువా, అయిపోయింది వీడి పని అనుకున్నాను.

దేవ్లా లేచి వాకిట్లోకి వచ్చాడు. వెంకటరామారావు గారి కూతురు లిఖిత అక్కడ నీళ్ళ గ్లాసులు సర్దుతోంది.

"అక్కా, మెత్తటి బట్ట ఒకటి ఇయ్యరా?" అన్నాడు మెల్లగా.

ఆ పిల్ల లోపలికెళ్ళి, నానమ్మదే ఒక పాత నూలు చీర తెచ్చి ఇచ్చింది. వాడు దాన్ని మడతపెట్టుకుని పెట్టె తల దగ్గర నిలబడ్డాడు. ఇంతలో ఇద్దరు ఆడవాళ్ళు ఏడుస్తూ వచ్చారు. ముందున్నావిడ చెయ్యి మూత మీదికి పోయింది. సరిగ్గా అప్పుడే వాడు ముఖం ఉన్నచోట అద్దాన్ని ఒక్కసారి శుభ్రంగా తుడిచాడు. లోపల ఆదెమ్మ గారి ముఖం తేటగా కనిపించింది. నుదుటి మీద బొట్టుతో సహా.

"అవుపడ్తుందా అమ్మా?" అన్నాడు.

ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. అరచేతిని అద్దం మీద ఆనించి, "వదినా, ఎంత ప్రశాంతంగా పడుకున్నావే," అని ఏడ్చింది. మూత ఎత్తలేదు. ఆవిడ పక్కకు జరగగానే వాడు ఆ చేతి గుర్తు కూడా తుడిచేసి మళ్ళీ నిలబడ్డాడు.

అంతే. పొద్దంతా అదే పని. ఎవరొచ్చినా వాళ్ళకంటే ఒక్క క్షణం ముందు వాడి చెయ్యి కదిలేది. ముసలివాళ్ళకైతే వంగి, ఇటుపక్క నుంచి మంచిగ అవుపడ్తదని జరిగి చోటిచ్చేవాడు. లిఖిత రెండుసార్లు అన్నానికి పిలిచింది. వాడు కదల్లేదు. అంకె నెమ్మదిగా కిందికి దిగింది. అద్దం లోపలి మసక కూడా విడిపోయింది. నేను జేబురుమాలు నోట్లోంచి ఎప్పుడు తీశానో నాకే తెలీదు.

మధ్యాహ్నం దాటాక వెంకటరామారావు గారు వచ్చి అంకె చూసుకుని, నలుగురి ముందూ అడిగారు.

"బాగైంది కదా. ఇంతకీ ఏం పాడైందయ్యా దీంట్లో? రెండు రోజులు చంపుకుతిన్నది మమ్మల్ని!"

కూల్‌డ్రింకుల షాపులో వాణ్ణి ముంచిన ప్రశ్న ఇదే. మీరే మూతలు తీసి పాడుచేశారంటే ఆ దుఃఖంలో ఎవరు సహిస్తారు? ఏదో వైరు పోయిందని అబద్ధమాడితే, మెకానిక్‌గా వాణ్ణి నేనే పాస్ చేయను. చుట్టూ ఏడుపులు కూడా ఆగిపోయాయి. దేవ్లా నేల వైపు చూశాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"మిషన్‌ల ఏం ఖరాబ్ కాలే సార్," అన్నాడు. "అమ్మ మీద మీ అందరికి ప్రేమ, పావురం ఎక్కువుంది. ముట్టుకోకుండ ఉండలేకపోతున్నరు. గంతే."

వెంకటరామారావు గారు అక్కడే కుర్చీలో కూర్చుని, కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. అప్పటిదాకా అందరికీ అన్నీ పురమాయిస్తూ తిరిగిన మనిషి, భుజాలు కదిలిపోయేలా ఏడ్చారు. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ఆ పోయినావిడెవరో నాకు తెలీదు కూడా.

రైలు ఆలస్యమైంది. అనిల్‌కుమార్ వచ్చేసరికి ఎండ వాలింది. భుజాన సంచితోనే పరుగున వచ్చి మూత మీద చెయ్యి వేశాడు. అన్నగారు లేచి ఆ చెయ్యి పట్టుకున్నారు.

"ఆగరా, అబ్బాయిని అడుగు," అన్నారు.

వాకిలి నిండా జనం దేవ్లా వైపే చూశారు. వాడు అలవాటుగా నా వైపు చూశాడు. నేను ముఖం తిప్పుకున్నాను. వాడు మెల్లగా వంగి స్విచ్చి ఆపాడు. గుయ్యిమనే చప్పుడు ఆగి ఇల్లంతా నిశ్శబ్దమైంది. చేతిలో చీర భుజాన వేసుకుని, రెండు చేతులతో మూత పూర్తిగా పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇగ ముట్టుకోండ్రి సార్," అన్నాడు. "మీకోసమే అందరిని ఇప్పటిదాక ఆపినం. అందరు రండ్రి."

ఆ కొడుకు తల్లి చెంపకు చెంప ఆనించాడు. వెనక నుంచి ఒక్కొక్కరే వచ్చారు, తొందరపడకుండా, తోసుకోకుండా. అందరూ తనివితీరా ముట్టుకునేదాకా దేవ్లా ఆ మూతను అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

శ్మశానం నుంచి తిరిగొచ్చి స్నానం చేశాక, వెంకటరామారావు గారు కంపెనీకి ఫోన్ కలపమన్నారు. నా సెల్లు నుంచే కలిపి ఇచ్చాను. దేవ్లా వాకిట్లో ఖాళీ పెట్టెను వ్యానులోకి ఎక్కిస్తున్నాడు. అవతల ఇంజనీరు ఏదో అడిగినట్టున్నాడు. ఈయన ఒక క్షణం అర్థంకానట్టు నా వైపు చూశారు.

"ఏంటీ? సరిగ్గా మాట్లాడాడా అనా?" అన్నారు. "మా తమ్ముడికి మా అమ్మను చూపించాడండీ. ఇంకేం మాట్లాడాలి?"