అన్న నడక ఆగిన నెల

చేతిలో ఏ పనిముట్టూ లేకుండా, ఎక్కడికీ చేరవలసిన అవసరం లేకుండా, రోజూ ఒకే బాట మీద గంటసేపు వేగంగా నడిచే మనిషి మీ ఊరిలో కనిపిస్తే, ముందుగా మీకు ఏ అనుమానం కలుగుతుంది?

అడవి మధ్య, మరైగూడ అనే పల్లెకు కొంత దూరంలో ఉన్న మా ఊరిలో ఎవరూ ఊరికే నడవరు. కట్టెలకో, ఇప్పపువ్వుకో, వారపు సంతకో నడుస్తారు. అందుకే దంతెవాడలో డాక్టరు మా అన్నకు రోజూ గంట నడక రాసినప్పుడు నాన్న నవ్వాడు.

"పొద్దుందాక పొలంలనే ఉంటం సార్, కొత్తగ ఈ నడుసుడేంది?"

అన్న పొలానికి వెళ్లక అప్పటికి రెండేళ్లు. గోడవైపు తిరిగి, తనకు మాత్రమే వినిపించే గొంతులకు బదులు చెబుతూ కూర్చునేవాడు. మాత్రలతో గొంతులు తగ్గాయి గాని ఒళ్లు బరువెక్కింది, నిద్ర చెడింది. మాత్రలు మానవద్దని, నడక వాటికి తోడు మాత్రమేనని డాక్టరు రెండుసార్లు చెప్పాడు.

దంతెవాడ కాలేజీ నుంచి వేసవి సెలవులకు వచ్చిన నేను అన్నతో నడిచాను. మొదటి వారం ప్రతి మలుపు దగ్గరా ఆగిపోయేవాడు. మూడో వారానికి నాకంటే ముందుండేవాడు. నిద్ర పట్టసాగింది. పళ్లెంలో అన్నం మిగల్చడం మానేశాడు. ఒకరోజు వెనక్కి తిరిగి, "ఏందే, కాళ్లున్నయా, దంతెవాడల అమ్ముకున్నవా?" అని వెక్కిరించాడు. రెండేళ్లలో అతడి నోట విన్న మొదటి హాస్యం అది. గొంతులు పూర్తిగా పోలేదు. నడిచేటప్పుడు అవి వెనకబడతాయని మాత్రం చెప్పాడు.

కాలేజీ తెరిచారు, నేను వెళ్లిపోయాను. తర్వాతి సంగతి అమ్మ చెప్పగా తెలిసింది. అన్న ఒట్టి చేతులతో ఒంటరిగా తిరుగుతున్నాడని ఊరిలో గుసగుసలు మొదలయ్యాయి. పనిమీద వెళ్తున్నట్లు కనిపించాలని అమ్మ అతడి భుజాన గొడ్డలి పెట్టి పంపింది. మా వైపు అడవికి వెళ్లే మగవాళ్లందరి భుజానా గొడ్డలి ఉంటుంది. కానీ తనలో తాను మాట్లాడుకుంటూ పోయేవాడి భుజాన అది ఎలా కనిపిస్తుందో అమ్మకు తోచలేదు. నాలుగో రోజున ఊరిపెద్ద మా వాకిట్లోకి వచ్చాడు.

"మీవోడు ఎవల్నన్న కొట్టిండని అంటలేను. కొట్టిందాక సూద్దామంటవా బావా?"

ఆ సాయంత్రమే నాన్న అన్న కాలికి పశువుల తాడు కట్టి కొట్టం స్తంభానికి ముడివేశాడు.

దసరా సెలవులకు నేను వచ్చేసరికి నెల దాటింది. చీలమండ చుట్టూ చర్మం నల్లబడింది. మాత్రలు వేళకు ఇస్తూనే ఉన్నారు. అయినా అన్న మళ్లీ గోడవైపు తిరిగాడు. మందు పనిచేయలేదని ఊరు తీర్పు చెప్పింది.

వాదనలో నేను ఓడడం అరుదు. అన్న ఎవరినీ కొట్టలేదని, గొడ్డలి ఇచ్చింది మనమేనని, తాడు వైద్యం కాదని నాన్న ఎదుట వరుసగా నిరూపించాను.

"అన్నీ నిజమే బిడ్డా. రోజూ వాని పక్కన నడిసేదెవలు? పొద్దుగాల నేను పొలంల లేకుంటే తినేదేంది? నువ్వుంటవా?"

పరీక్షలు దగ్గరపడ్డాయి. సెలవులున్నన్ని రోజులూ తాడు విప్పి అన్నను నడిపించాను. రెండో మలుపు దాకా కూడా రాలేకపోయాడు. నేను బయలుదేరే ఉదయం నాన్న తాడు తీసుకురాగానే, అన్న తానే కాలు ముందుకు చాపాడు.

ఇది రాస్తున్న నాటికి ఆ ముడి అలాగే ఉంది. పొద్దున గంటసేపు తీరిక ఉన్నవాళ్లు మా ఊరిలో పదిమందైనా ఉంటారు. వారిలో ఊరిపెద్ద ఒకరు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడుగుతున్నాను. ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు. మీ వీధిలోనూ ఇటువంటి మనిషి ఉండవచ్చు. ఆ ఇంటికి వెళ్లండి. మాత్రల గురించి సలహాలేవీ ఇవ్వకండి. రేపటి నుంచి రోజూ వచ్చి ఆయనతో కలిసి నడుస్తానని ఇంటివాళ్లకు చెప్పండి. చెప్పిన తర్వాత, దయచేసి మానకండి.