మామ దగ్గరున్న మాస్టర్ డిస్క్

మా మేనమామ పోయిన నెలలో చనిపోయాడు. పొద్దున గడ్డం గీసుకుంటూ గుండె పట్టుకుని కూర్చున్నాడట. దవాఖానకు ఆటో మాట్లాడేలోపే అంతా అయిపోయింది. అత్త ఫోన్ చేసి "మీ మామ ఇగ లేడు బిడ్డా" అంది. నేను చాలా ఏడ్చాను. పదకొండో రోజు తర్వాత తెలిసిన సంగతి ముందే తెలిసి ఉంటే అంతగా ఏడ్చేదాన్నో లేదో చెప్పలేను. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, ఆయనలో మంచికి కొదవ లేదు. కానీ నన్ను మోసం చేశాడని కూడా రాస్తాను. అది దాచిపెట్టి ఈ నాలుగు మాటలూ రాయడం నావల్ల కాదు.

నారాయణఖేడ్‌లో బస్ డిపోకి పోయే దారిలో మామకు ఫొటో స్టూడియో ఉండేది. ఈ చుట్టుపక్కల మీ ఇంట్లో పదిహేను, ఇరవయ్యేళ్ల కిందట పెళ్లి జరిగి ఉంటే ఆ వీడియో ఆయనే తీసి ఉంటాడు. మీరు ఆయన్ని అందులో చూసి ఉండరు, కెమెరా వెనకాల మనిషి కదా. గొంతు మాత్రం వినే ఉంటారు. "జర ఇటు జూడు పెండ్లిపిల్లా, నేలల ఏం దేవులాడుతున్నవ్?" అని అందరు పెళ్లికూతుళ్లనూ ఒకేలా గదమాయించేవాడు.

ఇంటర్ అయ్యాక రెండేళ్లు నేను ఆ స్టూడియోలో కూర్చుని వీడియో మిక్సింగ్ చేశాను. ఆడపిల్లకు స్టూడియోలో ఏం పని అని బాపు గొణిగితే, "నా కోడలు నా కాడ కూసుంటే నీకేం పరేషాన్ బావా?" అని ఒక్క మాటతో నోరు మూయించాడు. ఇవాళ నాకంటూ ఒక ఆన్‌లైన్ సెంటర్ ఉందంటే ఆ మాట చలవే.

అవి సీడీలు పోయి డీవీడీలు వస్తున్న రోజులు. ఒక పెళ్లికి మూడు సీడీలు పట్టేవి. డీవీడీ అయితే ఒక్కటి చాలు. మామ డీవీడీ రైటర్ కొనాలనుకున్నాడు. వేరేవాళ్లయితే నేరుగా హైదరాబాద్ బస్సెక్కేవారు. మామ నా చేతికో నోటుబుక్కు ఇచ్చాడు.

"ముందుగాల్ల మనోళ్ల ఇండ్లల్ల ఏ ప్లేయర్లున్నయో జూడాలె. గా ప్లేయర్లు ఏ డిస్కు నడుపుతయో జూడాలె. రైటర్ ముచ్చట ఆఖర్ల."

అప్పట్లో ఖాళీ డిస్కులు రెండు జాతులు, మైనస్ అని, ప్లస్ అని. చూడ్డానికి రెండూ ఒకటే. ఒక ప్లేయర్ ఒకదాన్ని ఆడించి, రెండోదాన్ని లోపలికి మింగి "డిస్క్ లేదు" అని బయటికి కక్కేది. జహీరాబాద్‌లో తెలిసినాయన చేత ఒకే పాటను రెండింటి మీదా ఎక్కించుకుని వచ్చాడు మామ. నన్ను స్కూటర్ వెనక కూర్చోబెట్టుకుని ఊరూరా తిరిగాడు. ఇంట్లోకి పోవడం, చాయ్ తాగడం, రెండు డిస్కులూ పెట్టి చూడడం, నేను రాసుకోవడం. నాగల్‌గిద్దలో ఒక ముసలామె మమ్మల్ని చూసి కంగారుపడి "యాకప్పా, టీవీ కెట్టదేను?" అంది. టీవీ పాడైందేమోనని ఆమె భయం. "ఇల్ల అవ్వా, ఛలో అద" అని, అదేం లేదు బాగానే ఉందని మామ నవ్వుతూ జవాబిచ్చాడు. మామదీ అమ్మదీ ఆ ఊరే. తెలుగు ఎంతో కన్నడం అంతే వచ్చు ఇద్దరికీ.

నోటుబుక్కు నిండేసరికి సంగతి తేలిపోయింది. మన దిక్కు పాత ప్లేయర్లు ఎక్కువ, అవి మైనస్‌నే ఆడిస్తాయి. అయితే మైనస్ ఒక్కటే రాసే రైటర్ చాలు కదా అన్నాను. హైదరాబాద్ దుకాణంలో మామ మాత్రం రెండూ రాసేదే తీసుకున్నాడు.

"రేపు ఏది నడుస్తదో ఎవనికెర్క బిడ్డా? రైటర్‌కు అన్నీ రావాలె. డిస్కు మాత్రం చూసెటోళ్లకు నడిచేది ఉండాలె."

ఆ దుకాణంవాడే మరో రకం చూపించాడు. చెరిపి మళ్లీ మళ్లీ రాసుకునే డిస్క్, ఆర్‌డబ్ల్యూ అంటారు. మామ నాలుగు కొన్నాడు, ట్రయల్ కోసం. ముందు దాని మీద ఎక్కించి టీవీలో చూసుకోవడం, తప్పులుంటే దిద్దుకోవడం, అంతా బాగుందనుకున్నాక మంచి మైనస్ డిస్క్ మీద నిదానంగా మాస్టర్ తీయడం, కాపీలన్నీ దాన్నుంచే. స్పీడు పెంచితే ఒప్పుకునేవాడు కాదు, "రొట్టె జల్దీ తీస్తే నడుమ పచ్చిగనే ఉంటది" అనేవాడు. ఆర్‌డబ్ల్యూ గురించి ఆయన చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"గిది పలక. రాసి తుడ్సుకోనీకె. పెండ్లిని ఎన్నడు పలక మీద ఉంచొద్దు."

నా పెళ్లికి మిక్సింగ్ మామే చేశాడు. పెళ్లిపిల్ల తన పెళ్లిని తాను కత్తిరించుకుంటుందా అని నన్ను సిస్టమ్ దగ్గరికి రానివ్వలేదు. ఆ పెళ్లిలో మా అమ్మ పాడింది. తలంబ్రాలు అయ్యాక మగపెళ్లివారి మీద సగం తెలుగులో సగం కన్నడంలో పాట కట్టి, మా ఆయన మేనత్త నడకనూ, పెదనాన్న మీసాన్నీ వదలకుండా ఏడిపించింది. పందిట్లో నవ్వనివాళ్లు లేరు. పొలం పనికి తప్ప గడప దాటని మనిషి, మైకు ముందు అంత ధైర్యం ఎక్కడినుంచి తెచ్చుకుందో.

ఏడాదిన్నరకు అమ్మ జ్వరంతో పోయింది.

ఆమె గొంతు ఉన్నది ఆ పెళ్లి వీడియోలోనే. నాకిచ్చిన డిస్క్ మా అత్తగారి ఊరు బోరంచలో ఇల్లిల్లూ తిరిగింది. పెళ్లి క్యాసెట్ అంటే చుట్టాలందరూ తీసుకుపోయి చూడాల్సిందే, ఇవ్వనంటే అలుగుతారు. తిరిగొచ్చేసరికి దాని నిండా గీతలు. సరిగ్గా తలంబ్రాల దగ్గర బొమ్మ నిలిచిపోయేది. కెమెరా క్యాసెట్ మీద వేరే పెళ్లి ఎప్పుడో ఎక్కేసింది, సిస్టమ్‌లోదీ చోటు కోసం తీసేశారు, అప్పట్లో అందరూ అలాగే చేసేవారు. మిగిలింది మాస్టర్.

"ఉంది బిడ్డా. మాస్టర్ నా కాడనే ఉంది. తీసిస్త" అన్నాడు మామ.

ఎన్నేళ్లు అన్నాడో లెక్క లేదు. ఒకసారి బీరువా తాళం పోయిందన్నాడు. ఒకసారి రైటర్ చెడిపోయిందన్నాడు. సెల్‌ఫోన్లు వచ్చి స్టూడియో మూతపడ్డాక, సామాను డబ్బాల్లో కట్టేశామన్నాడు. తర్వాత "ఇప్పటి కంప్యూటర్లకు డిస్కు పెట్టే జాగనే లేకపాయె" అన్నాడు. సరే అని నేనే బయటినుంచి తగిలించే డ్రైవ్ ఒకటి తెప్పించాను. కొనే ముందు ఆయన నేర్పినట్టే డిస్క్ సంగతి అడిగాను.

"మామా, మన మాస్టర్ మైనసా, ప్లసా?"

"ప్లస్ అనుకుంట బిడ్డా. నువ్వు తెచ్చిన దాంట్ల నడ్వదేమో."

ఇప్పటి డ్రైవ్‌లు అన్ని డిస్కులనూ చదువుతాయని నాకు తెలుసు. ఆయన మైనస్ తప్ప వాడడనీ తెలుసు. అయినా చెప్పింది మామ కాబట్టి నా తెలివినే అనుమానించుకున్నాను. ఆ డ్రైవ్ వాపసు చేసి వేరేది తెప్పించాను. దాన్ని చూపిస్తే "మంచిది తెచ్చినవ్" అని మెచ్చుకున్నాడు కూడా, డిస్క్ మాత్రం తీయలేదు. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా ఒళ్లు మండుతోంది. ఆయన దగ్గర నేర్చుకున్న విద్యతోనే నన్ను తప్పుదారి పట్టించాడు.

పదకొండో రోజు అయ్యాక ఒక మధ్యాహ్నం అత్త ఒక అట్టపెట్టె నా ముందు పెట్టింది. అందులో అడుగున ఉంది డిస్క్. ఆయన గుండ్రటి అక్షరాలు: "బిడ్డ పెండ్లి, మాస్టర్." ఆ కిందే కంపెనీ అచ్చువేసిన మాట: ఆర్‌డబ్ల్యూ.

పెండ్లిని పలక మీద ఉంచొద్దన్న మనిషి నా పెళ్లిని పలక మీదే ఉంచాడు. అయినా ల్యాప్‌టాప్ తెరిచి, డ్రైవ్ తగిలించి, డిస్క్ పెట్టాను. నాగల్‌గిద్దలో ఎవరిదో పందిరి వచ్చింది. ఎవరో పెళ్లికూతురు తల వంచుకుని కూర్చుంది.

అత్త గోడవైపు చూస్తోంది.

"నీకెర్కనా అత్తా?"

"ఎర్కనే బిడ్డా" అంది. "నీ లగ్గానికి మంచి డిస్కు ఒక్కటే మిగిలిందట, అది నీకిచ్చిండు. ట్రయల్ డిస్కు మీదనే పేరు రాసి, మెల్లగ మంచిదాని మీద ఎక్కిస్త అన్నడు. ఎక్కియ్యలే. మీ అమ్మ పోయినంక వచ్చిన ఎండకాలం లగ్గాలు మస్తుండె. జల్దీల చేతికి దొర్కినదాన్ని తుడ్సి వేరేటోళ్ల ట్రయల్ ఎక్కిచ్చిండు. తెల్లారి పేరు జూసుకున్నడు. రెండు దినాలు అన్నం ముట్టలే."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పిల్ల మళ్ల నా మొకం జూడదన్నడు. నాతోని ఒట్టేయించుకున్నడు."

"ఇంకెవరికి తెలుసు?"

అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీ బాపుకు ఎర్క."

అంటే నేను డ్రైవ్‌లు మార్చుకుంటూ తిరిగినన్నాళ్లూ మా బాపు నన్ను చూస్తూ ఊరుకున్నాడు. పండక్కి పోయిన ప్రతిసారీ నేను మాస్టర్ అడగడం, మామ తలూపడం, అత్త వంటింట్లోకి వెళ్లిపోవడం. అందరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారు. పొరపాటున చెరిపేశాడంటే క్షమించేదాన్ని. ఆయన అక్క గొంతు అది, నాకంటే ముందు ఆయనదే ఆ నష్టం. ఇద్దరం కూర్చుని ఏడ్చేవాళ్లం. ఆ పాటలో ఆయనకు గుర్తున్న ముక్కలు ఆయన, నాకు గుర్తున్నవి నేను చెప్పుకుని రాసుకునేవాళ్లం. ఆ వీలు కూడా లేకుండా చేసి పోయాడు. అన్నేళ్ల ఆశ పెట్టుకున్నాక ఇప్పుడు నాకు ఆ పాటలో రెండు వరుసలే మిగిలాయి.

డిస్క్ బయటికి తీయబోయాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు బిడ్డా. గది మీ మామ గొంతు."

నిజమే. కెమెరా వెనకనుంచి పెళ్లికూతుర్ని తల ఎత్తమంటున్నాడు. అత్త ల్యాప్‌టాప్‌కు దగ్గరగా జరిగి కూర్చుంది. ఆయన పోయాక ఆమె ఆ గొంతు వినడం అదే మొదటిసారి. కట్టేసే హక్కు నాకు లేదనిపించి ఊరుకున్నాను. ఎవరిదో తెలియని పెళ్లిని ఇద్దరం చూస్తూ కూర్చున్నాం.

తలంబ్రాలు అయ్యాయి. ఆడపెళ్లివారి తరఫు ఆడవాళ్లను ఎవరో పాడమన్నారు. వాళ్లు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మైకు చేతులు మారుతోంది తప్ప ఎవరూ నోరు విప్పడం లేదు.

"పాడుండ్రి, సిగ్గెందుకు?" అన్నాడు మామ కెమెరా వెనకనుంచి. "మా అక్క ఉంటే గీపాటికి పందిరి లేపేది."

ఆడవాళ్ల నవ్వు ఆగిపోయింది. వాళ్లది అమ్మ పుట్టిన ఊరు, అందరికీ ఆమె తెలుసు. ఆ మాట నా తల్లి పాట ఉన్నచోటే, దాన్ని చెరిపి ఎక్కింది.

ఆ తర్వాత బొమ్మ కదిలింది. కెమెరా మెల్లగా కిందికి వంగి నేల వైపు తిరిగింది. ఎంతసేపైనా పైకి లేవలేదు. పందిట్లో వేరే ఎవరో పాట ఎత్తుకున్నారు, బొమ్మలో మాత్రం ఎర్రమట్టి, నలిగిన తలంబ్రాల బియ్యం, వాటి మధ్య దుమ్ము పట్టిన చెప్పుల్లో మా మామ పాదాలు.