గేర్లన్నీ ముందుకే

"దీన్ని కొనుడు కాదు, దీనికి దినం పెట్టాలె," అన్నాను, ఆ బండిని మొదటిసారి చూసి.

కెనడాలో గ్వెల్ఫ్ ఊరి చివర ఒక పెద్దాయన ఇంటి వెనక, నీలం టార్పాలిన్ కింద ఏళ్ల తరబడి పడి ఉందది. రెండు వందల యాభై సీసీ బండి. టైర్లు పగుళ్లిచ్చాయి. చైను తుప్పు పట్టి కర్రలా బిగుసుకుపోయింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీస్తే ఎలుకల గూడు, ఆ గూట్లో ఎవరిదో సాక్సు ముక్క. పెద్దాయన మర్యాదస్తుడు. స్టార్ట్ అవుతుందని ఒక్క మాట కూడా అనలేదు. అందుకే అంత చవగ్గా ఇచ్చాడు.

నా పక్కనున్న మనిషి మాత్రం వెనక చక్రాన్ని చేత్తో తిప్పి, చెవి ఆనించి విని, పెళ్లికూతుర్ని చూసినట్టు మురిసిపోయాడు. "ఇంజన్ జామ్ అవ్వలా తల్లీ. తిరుగుతోంది. ఇంకేం కావాలి?"

అతనిది బందరు, నాది జగిత్యాల వైపు. చదువుకోవడానికి ఇద్దరం ఒకే ఏడాదిలో వచ్చాం, వేర్వేరు కాలేజీల్లో చేరాం, ఒకే ఇంట్లో అద్దెకు దిగాం. బేస్‌మెంట్‌లో అతనూ ఇంకో ముగ్గురబ్బాయిలూ, పైన నేనూ ఇంకో ఇద్దరమ్మాయిలం. మేమిద్దరం పెళ్లి చేసుకుంటామని ఆ ఇంట్లో అందరికీ తెలుసు, మా ఇళ్లల్లో తప్ప.

ఇంటి ఓనరు పంజాబీ ఆంటీ గరాజ్ వాడుకోనిచ్చింది. నేల మీద ఒక్క ఆయిల్ చుక్క పడినా ఇద్దర్నీ బయటికి గెంటుతానంది. అట్టపెట్టెలు చింపి నేలంతా పరిచి పని మొదలుపెట్టాం. నాకు స్కూటీ తప్ప ఇంకేదీ తెలీదు. అతను స్పానర్ అంటే నేను పానా అనేదాన్ని. అతను పన్నెండో నంబరు అడిగితే పధ్నాలుగు ఇచ్చేదాన్ని. "నీకంటే ఆ ఎలుకే నయం, కనీసం లోపలికెళ్లి చూసొచ్చింది," అనేవాడు.

కార్బొరేటర్ విప్పితే లోపల పాత పెట్రోలు బెల్లం పాకంలా గట్టిపడి ఉంది. దాన్ని ఒక స్టీలు గిన్నెలో వేసి నానబెట్టాడు. సాయంత్రం పప్పు చేద్దామని చూస్తే నా గిన్నె లేదు.

"నా పప్పుగిన్నెల పెట్రోల్ పోసినవా? దిమాక్ ఉన్నదా నీకు?"

"కడిగిస్తాలేవే. కొత్తదానిలా చేసిస్తా."

కడిగాడు. నాలుగుసార్లు కడిగాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పప్పు వండినా పెట్రోలు వాసనే. బేస్‌మెంట్ అబ్బాయిలు బంకులో సూపర్ పెట్రోల్‌లా దానికి సూపర్ పప్పు అని పేరు పెట్టి, వంక పెట్టకుండా తినేవాళ్లు.

ఇంకో వస్తువు కూడా నా దగ్గర్నుంచి పోయింది, నా ఎర్ర నెయిల్ పాలిష్. బోల్టు బిగించాక దాని మీదా పక్కన ఇనుము మీదా కలిసేలా ఒక గీత గీసేవాడు. బోల్టు కాస్త వదులైనా గీత విరిగిపోతుంది, చూడగానే తెలుస్తుంది. బందరులో వాళ్ల మెకానిక్ పెయింటుతో చేసేవాడట. ఇక్కడ బండికున్న ప్రతి బోల్టుకీ నా గోళ్ల రంగే.

జూన్ నెలలో ఒక ఆదివారం బండి స్టార్టయింది. గరాజ్ నిండా తెల్లటి పొగ. ఆంటీ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చి, "ఇల్లు తగలబెడతారా బేటా!" అని అరిచింది. మేమిద్దరం ఆ పొగలో దగ్గుతూ ఎగిరాం. ఆ రోజు ఉన్నంత సంతోషంగా నేను ఆ దేశంలో మళ్లీ ఎప్పుడూ లేను. ఇది ఇప్పుడు అంటున్న మాట కాదు, అప్పుడే అనిపించింది.

బండికి సేఫ్టీ కాగితం వచ్చింది, నంబర్ ప్లేటు వచ్చింది. ఇద్దరం ఎం వన్ పరీక్ష రాసి పాసయ్యాం. ఎం వన్ అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్సు. దాని మీద వెనకాల ఎవర్నీ ఎక్కించుకోకూడదు. బందరులో పదేళ్లు బండి నడిపినవాడూ, గేరంటే ఏంటో తెలీని నేనూ, కాగితం మీద ఇద్దరం కొత్తవాళ్లమే. రోడ్డు టెస్టు పాసై ఎం టూ వస్తే మాత్రం వెనకాల ఎక్కించుకోవచ్చు. వచ్చే ఎండాకాలం హాలిఫాక్స్ దాకా వెళ్లాలని ఆ రోజే అనుకున్నాం. అతనికి సముద్రం కావాలి. రెండేళ్లుగా ఉప్పుగాలి తగల్లేదని ఒకటే గోల.

"నువ్వు నడుపు, నేను వెనకాల కూర్చుంటా," అన్నాడు.

"మీ బందర్ల ఎవరన్న చూస్తే పరువు పోతది."

"పోనీ. నువ్వు తీసుకెళ్తే చాలు."

అసలు చిక్కు ఆ తర్వాతి ఆదివారం వచ్చింది. మన దగ్గర ఆ హండ్రెడ్ సీసీ బండ్లకు గేర్లన్నీ ముందుకే. న్యూట్రల్ నుంచి గేరు కడ్డీని ముందుకు, అంటే కిందికి తొక్కుతూ పోవడమే, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇక్కడ అలా కాదు. ఒకటి కిందికి నొక్కాలి, మిగతావన్నీ కాలివేళ్లతో పైకి ఎత్తాలి. ఆ సంగతి అతనికి తెలుసు. నోటికి తెలుసు, కాలికి తెలీదు. ఖాళీ పార్కింగ్ లాట్‌లో మూడో గేర్‌లో వస్తూ, నాలుగు వేద్దామని ముందుకు తొక్కాడు. గేరు తగ్గింది, ఇంజన్ అరిచింది. కంగారులో మళ్లీ ముందుకే తొక్కాడు. వెనక చక్రం పట్టేసి, బండి అడ్డంగా జారి, అతను నా కళ్లముందే నేల మీద ఈడ్చుకుపోయాడు.

నేను వెళ్లేసరికి మోకాలు చీరుకుపోయి, కూర్చుని నవ్వుతున్నాడు. భుజం మీద ఒక్కటి వేశాను.

"సచ్చినవనుకున్న! నవ్వుడేంది?"

"కాలు వినట్లేదే. పదేళ్ల అలవాటు."

మరో వారం మళ్లీ పడ్డాడు. మూడోవారం బండి ఎక్కలేదు. గరాజ్‌లో బండి పక్కన బోర్లా పడుకుని, గేరు కడ్డీ ఇంజన్‌లోకి వెళ్లే చోట ఉన్న చిన్న ఇనప చెయ్యిని ఊడదీశాడు. దాన్ని తలకిందులు చేసి మళ్లీ బిగించాడు. అంతే, గేర్లు తిరగబడ్డాయి. ఫస్ట్ ఒక్కటీ పైకి ఎత్తాలి, మిగతావన్నీ ముందుకు.

"మనం మారలేకపోతే బండే మారుద్ది," అని లేచి, బోల్టు మీద ఎర్రగీత గీశాడు.

"మరి నా టెస్టు? టెస్టు పెట్టే డ్రైవింగ్ స్కూల్ బండ్లకు ఇక్కడి గేర్లే ఉంటయి కదా."

"టెస్టుకి టెస్టు బండి, మనకి మన బండి."

పోట్లాడాను. నేను కొత్తదాన్ని, నా కాలికి ఏ అలవాటూ లేదు, ఇక్కడి పద్ధతే నేర్చుకుంటే హాయిగా ఉండేది. కానీ ఒక బండికి రెండు రకాల గేర్లు ఉండవు. అతను పడిపోకుండా ఉండటం నాకు ముఖ్యం. అందుకే అతని పద్ధతే నేర్చుకున్నాను. నిజం చెప్పాలంటే ఇష్టంగానే నేర్చుకున్నాను. బండి పక్కన పరిగెత్తుతూ అరిచేవాడు. "ముందుకు! భయపడకు తల్లీ, అన్నీ ముందుకే!"

సెప్టెంబరులో స్కూల్ బండి మీద టెస్టుకి వెళ్లి ఫెయిలయ్యాను. ఎంత గుర్తుపెట్టుకున్నా కాలు ముందుకే పోయింది. ఇంటికొచ్చి చెబితే మొదట పడీపడీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "నావల్లే కదా," అన్నాడు. మంచు పోయాక ఏప్రిల్‌లో మళ్లీ వెళ్తాను, ఏం కొంపలు మునగలేదు అన్నాను.

కొంపలు మునిగింది ఆ నెలాఖరులో. అతని చదువు అయిపోయి వర్క్ పర్మిట్‌కి అప్లై చేశాడు. ఆ రోజుల్లో రూల్స్ నెలకో రకంగా మారుతుండేవి. అతను చదివిన కోర్సుకి పర్మిట్ రాదని లెటర్ వచ్చింది. నా కాలేజీ వేరు కాబట్టి నాకు ఆ ఇబ్బంది లేదు. అందుకే నాకు అతని ముందు ఏడవడానికి కూడా మొహం చెల్లేది కాదు.

ఒక్కటే అడిగేదాన్ని. "నాకు నిజం చెప్పు. ఉంటవా, పోతవా?"

"కన్సల్టెంట్‌తో మాట్లాడుతున్నా. దారి దొరుకుద్ది. వెళ్లాల్సొచ్చినా ఎండాకాలానికి వచ్చేస్తా."

"ఒట్టు?"

"ఒట్టు. హాలిఫాక్స్ ఉందిగా."

అక్టోబరు చివర్లో, నేను ఫ్యాక్టరీలో షిఫ్టుకి వెళ్లిన రోజు, బండిని చలికాలానికి కప్పిపెట్టాడు. ట్యాంకు నిండా పెట్రోలు పోసి, అది చెడకుండా మందు కలిపి, బ్యాటరీ తీసి నా గదిలో బల్ల కింద పెట్టాడు. నేను వచ్చేసరికి నీలం టార్పాలిన్ తాళ్లతో బిగించి ఉంది. నేను రాకముందే ఎందుకు చేశావని అడిగాను. వర్షం వచ్చేలా ఉందన్నాడు. బండి గరాజ్ లోపల ఉంటే వర్షంతో పనేంటి? ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు.

డిసెంబరులో వెళ్లిపోయాడు. ఎయిర్‌పోర్టులో నా మఫ్లర్ సరిచేస్తూ, "ఏప్రిల్‌లో నువ్వే స్టార్ట్ చెయ్యి. చోక్ లాగి, తొందరపడకుండా. నేను జూన్‌కల్లా ఉంటా," అన్నాడు. నమ్మాను. నేను మామూలుగా ఎవర్నీ నమ్మను, కూరగాయలవాడి తూకాన్ని కూడా నమ్మను. అతన్ని నమ్మాను.

చలికాలం ఎలా గడిచిందో చెప్పను. రోజూ వచ్చే ఫోన్ రెండ్రోజులకోసారి అయింది, తర్వాత వారానికోసారి. విజయవాడలో ఉద్యోగంలో చేరానన్నాడు. టెంపరరీయే అన్నాడు. నేను మాత్రం ఇంట్లో అమ్మాయిలు ఏమన్నా అంటే మీద పడేదాన్ని. "జూన్‌ల వస్తడు. మీకేం తెల్సు?"

ఏప్రిల్‌లో మంచు కరిగాక, ఒక శనివారం పొద్దున టార్పాలిన్ విప్పాను. బ్యాటరీ పెట్టాను. చోక్ లాగాను. మూడోసారికి స్టార్టయింది. గరాజ్ ముందుకు తీసుకొచ్చి, ఎక్కి, ఫస్ట్ గేర్ కోసం కాలివేళ్లతో పైకి ఎత్తాను. క్లచ్ వదిలితే బండి ఎగిరిపడి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ ఆగిపోయింది. చలికి గేర్‌బాక్స్ పాడైందేమో, అతనికి ఏం చెప్పను అని భయం వేసింది. మూడోసారి యాక్సిలేటర్ గట్టిగా ఇచ్చి క్లచ్ వదిలాను. ఎలాగో కదిలింది. సెకండ్ వేద్దామని ముందుకు తొక్కాను. బండి వెనక్కి లాగినట్టై, నన్ను కిందపడేసి, తనూ కుడిపక్కకు ఒరిగిపోయింది.

నాకు దెబ్బ తగల్లేదు. లేచి ఇంజన్ ఆపాను. గేర్లుండే ఎడమ పక్క పైకి తిరిగి ఉంది. అక్కడ కనపడింది. ఆ చిన్న ఇనప చెయ్యి మళ్లీ తిరిగి ఉంది, కంపెనీ బిగించినట్టే. పాత ఎర్రగీత సగం సగమై ఎటో పోయింది. దాని పక్కన కొత్తగా ఇంకో గీత, నెమ్మదిగా, తిన్నగా గీసింది.

ఆ తాళ్లు కట్టిన రోజు తర్వాత ఆ టార్పాలిన్‌ని ఎవరూ విప్పలేదు. అక్కడే నేల మీద కూర్చుని ఫోన్ చేశాను. అతనికి సాయంత్రం. వెనకాల రోడ్డు మీద హారన్లు.

"గేర్లు ఎప్పుడు తిప్పినవ్?"

హారన్లు వినపడని చోటికి జరిగాడు.

"బండి కప్పిన రోజు," అన్నాడు. "నువ్వు టెస్టు పాసవ్వాలిగా."

"మరి నువ్వొచ్చి ఎట్ల నడుపుదామనుకున్నవ్? నీ కాలు ఇనదు కదా?"

నేనే మళ్లీ అందుకున్నాను.

"మళ్ల రావని అక్టోబర్లనే తెల్సా నీకు? డిసెంబర్ల పోయేటప్పుడు జూన్‌ల వస్త అంటివి. ఒట్టేస్తివి. నేను ఇంట్ల అందరితోని కొట్లాడిన, తెల్సా?"

"చెప్తే నువ్వు ఏడ్చేదానివి. నువ్వేడిస్తే నేను వెళ్లలేను. వెళ్లకుండా ఉండే దారి లేదే."

నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. జగిత్యాల తిట్లు, కొత్తగా నేర్చుకున్న పంజాబీ తిట్లు కూడా. అన్నీ విన్నాడు. తిట్లు అయిపోయి నేను ఏడుస్తుంటే, అడిగాడు.

"బండి స్టార్టయిందా?"

"అయింది."

"ఫస్ట్ ఎటు?"

చెప్పకూడదనుకున్నాను. చెప్పాను. "కిందికి."

"మిగతావి?"

"పైకి."

"ఆ. అన్నీ పైకే. ముందుకు తొక్కమాక తల్లీ, పడిపోతావు."

సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా ఇంకోసారి సరే అన్నాను.